గున్నమ్మ మిరపకాయలు, పొందూరు మబ్బు

గరివిడి దగ్గరి పల్లెలో గున్నమ్మకు ఏటా వేసవిలో ఆకాశంతో యుద్ధం వస్తుంది. పెరట్లో పండించిన మిరపకాయలు కోసి డాబా మీద ఆరబోసిన నాటి నుంచి ఆ ఇల్లాలికి కంచం ముందు నిలకడ ఉండదు. ముద్ద కింద నోట్లో పెట్టుకుంటుంది, నమిలేది మెట్ల మీద. కొట్టులో దొరికే కారాన్ని ఆమె కారమనదు, ఎర్రమన్నంటుంది. ఈ కాయలు బూజు పట్టాయంటే ఏడాదంతా ఇంటిల్లిపాదికీ ఆ మన్నే గతి.

సరిగ్గా అప్పుడే పొందూరులో తమ్ముడు గృహప్రవేశం పెట్టుకున్నాడు. మొగుడు ఎల్లాజీని డాబాకు సర్వసైన్యాధ్యక్షుడిగా నియమించి, కోడలు అనితతో బస్సెక్కింది గున్నమ్మ. అక్కడ విస్తరి ముందు కూర్చుందో లేదో పడమట, అంటే తన డాబా ఉన్న దిక్కునే, నల్లగా మబ్బు లేచింది. వెంటనే ఫోను తీసింది.

"మావా, మబ్బేసీసింది! కాయల మీద బరకం కప్పీ!"

"ఇక్కడ ఎండ పేలిపోతన్నాది కదే!"

"నా కళ్ళతో సూస్తంటే నాకు సెప్తావేటి? ముందు కప్పీ!"

పెళ్ళాంతో వాదించి నెగ్గిన చరిత్ర ఎల్లాజీ వంశంలోనే లేదు. మండుటెండలో నీలం టార్పాలిన్ బరకం కప్పి, చుట్టూ ఇటుకలు పేర్చి, కర్తవ్యం ముగిసిందని గురకపెట్టాడు.

పొద్దు వాలేవేళకు గున్నమ్మ దిగింది. చెప్పులైనా విప్పకుండా పైకెక్కి బరకం ఎత్తింది. గుప్పుమని ఆవిరి కొట్టింది. బరకం లోపలంతా నీటిచుక్కలు. చినుకు పడకుండానే కాయలు తడిసిపోయాయి.

"ఓలమ్మో, ఉడకబెట్టీసినావేటి మావా!"

"కప్పమన్నావు, కప్పినాను. తియ్యమని ఎప్పుడన్నావు?"

"అత్తా, మావయ్యని తరవాత తిడుదువు గాని, ముందు కాయలు దించుదాం పట్టు," అంది అనిత.

దుప్పట్ల మీద కాయలు పరిచి, హాలును వాటికి అప్పగించి, ఫ్యాను జోరుగా తిప్పారు. ఘాటుకు ఇల్లంతా తుమ్ములు. ఎల్లాజీ మంచం అరుగు మీదికి బదిలీ అయింది. గున్నమ్మ మాత్రం కొంగు ముక్కుకు చుట్టుకుని కాయలు తిరగేస్తూనే కూర్చుంది.

మర్నాడు కాయలు మళ్ళీ డాబా ఎక్కాయి, ఎండలు దయతలచాయి. కాయలు గలగలమన్నాయి. మంచివాటిని తొడిమ ఊడకుండా డబ్బాకెత్తింది గున్నమ్మ. బూజు పట్టినవి పెంటలోకి పోయాయి. ఊరికే తెల్లబడి మిగిలినవి ఒక బుట్టెడు.

"మరి ఇయ్యేటి సేస్తావే?" అన్నాడు ఎల్లాజీ, బుట్ట చూపించి.

"నీ పులుసులోకి. కప్పినోడివి నువ్వే కదా!"

కప్పమన్నదెవరని అతడు అడగబోయాడు. ఈలోగా తుమ్మొచ్చింది.