ముల్లు వంక చూడని మేస్త్రి

విజయవాడ పటమటలో మెకానిక్ జీవరత్నం గారు ప్రభువు సన్నిధికి చేరుకున్నారన్న వార్త నాకు కైకలూరు దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద తెలిసింది. ఫోను చేసింది ఆయన భార్య మరియమ్మ గారు. మీ మేస్త్రి గారు వెళ్ళిపోయారండీ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. ఎదురుగా రైతు మందు మోతాదు అడుగుతున్నాడు. వయసు మీదపడిన మనిషి, మంచం పట్టి నెలలయింది, ఊహించని మరణమేమీ కాదు. అయినా రైతుకు మోతాదు చెప్పకుండానే గట్టు మీద కూర్చున్నాను. ఈ మధ్య మరణవార్తలు వినీ వినీ మనసు మొద్దుబారిందనుకున్నాను. ఇంకా మొద్దుబారలేదని ఆరోజే తెలిసింది.

చేపల చెరువులకు మందులు అమ్మడం నా వృత్తి. తొంభైల మొదట్లో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి విజయవాడలో బయలుదేరి ఉయ్యూరు, పామర్రు, గుడివాడ మీదుగా కొల్లేటి దాకా మోటారు సైకిలు మీద తిరుగుతూనే ఉన్నాను. నా నడుం ఎప్పుడో పోయింది. నా బండి మాత్రం పోలేదంటే ఆ పుణ్యం జీవరత్నం గారిది.

సెకండ్ హ్యాండ్ బండి కొన్న కొత్తలో స్పీడు మీటరు పనిచేయడం లేదని ఆయన షెడ్డుకు వెళ్ళాను. బక్కపలచని మనిషి, చెవి మీద పెన్సిలు, చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవరు. ముల్లు ఎందుకండీ మీకు అని అడిగారు. ఎంత వేగంలో పోతున్నానో తెలియాలి కదా అన్నాను.

"గాలి చొక్కాలో దూరితే తెలీదాండీ? మీరు కిందకి ముల్లు చూసుకుంటుంటే ఎదురుగా గేదె మిమ్మల్నే చూస్తా ఉంటది."

అలా అంటూనే మీటరు బాగుచేశారు, కొత్త కేబులు వేశారు. వేసి, నేను చూస్తుండగానే అద్దం మీద నల్ల టేపు అతికించారు. తిరిగిన కిలోమీటర్లు చూపే అంకెల కిటికీ ఒక్కటే వదిలేశారు. నెలరోజుల తర్వాత వచ్చి పీకించుకోమన్నారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, కొత్తగా బండెక్కిన ఎవరికైనా ఆ షెడ్డులో ఇదే దీక్ష అని. ఆ నెలరోజుల్లో ఏ గేరులో ఇంజను ఏ శ్రుతిలో పాడుతుందో నా చెవికి అబ్బింది. టేపు పీకించుకోవడానికి నేను మళ్ళీ వెళ్ళలేదు. అది ఎండకు ఎండి తనంతట తానే రాలిపోయింది.

ఆయన సిద్ధాంతం సూక్ష్మం. బండి నడిపేవాడికి మూడు చాలు: గేరులో లేదని చెప్పే పచ్చ లైటు, ఆయిలు ఎప్పుడు మార్చాలో చెప్పే కిలోమీటర్ల అంకెలు, పెట్రోలు అయిపోవస్తే తిప్పుకోవడానికి రిజర్వు కుళాయి. తక్కినవన్నీ పెళ్ళికొడుక్కి పెట్టే బుగ్గచుక్కలని ఆయన అభిప్రాయం.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనులో పనిచేసే ఇంజనీరు గారొకరు ఒకసారి బండికి గడియారం, ఇంజను వేడి చూపే మీటరు, ఇంకేదో మీటరు బిగించమని వచ్చారు. డ్యూటీలో ఎన్ని ముళ్ళు చూస్తారండీ అని జీవరత్నం గారు మర్యాదగానే అడిగారు. గోడ నిండా ఉంటాయని ఆయన గర్వంగా చెప్పారు. "మరి ఇంటికెళ్ళేటప్పుడన్నా కళ్ళకి రెస్టు ఇవ్వండి" అన్నారు మేస్త్రి గారు. ఇంజనీరు గారు కాసేపు ఆలోచించి, టీ తాగి, ఏమీ బిగించుకోకుండా వెళ్ళిపోయారు.

నేను అంత సులభంగా లొంగే రకం కాదు. ఒకసారి పెట్రోలు పోయించాక కుళాయి రిజర్వు మీది నుంచి వెనక్కి తిప్పడం మరిచాను. ఇంజను ముందుగా దగ్గి హెచ్చరించే అవకాశం లేకుండా, పామర్రు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ఒక్కసారి ఆగిపోయింది. మందుల సంచీలతో, మండుటెండలో, వరిచేల మధ్య బండి తోసుకుంటూ వెళ్ళాను. మర్నాడు షెడ్డుకొచ్చి, పెట్రోలు ముల్లుంటే ఈ ఖర్మ పట్టేది కాదు కదా అని దెబ్బలాడాను. ఆయన లోపలికి వెళ్ళారు. ఒక ఎర్ర దారం తెచ్చి టాంకు మూతకు కట్టారు. మూత తీసినప్పుడల్లా దారం చేతికి తగులుతుంది, కుళాయి గుర్తొస్తుంది. ఆ తర్వాత నేనెన్నడూ పెట్రోలు లేక బండి తోయలేదు.

రెండువేల సంవత్సరం దాటాక బళ్ళ ముఖాలు మారిపోయాయి. పెట్రోలుకో ముల్లు, ఇంజను తిరిగే వేగానికో ముల్లు, వాటి పక్కన మెరిసే అంకెలు వచ్చాయి. అదే కాలంలో జీవరత్నం గారూ మారారు. వెనక నుంచి పిలిస్తే పలికేవారు కాదు. పెద్దవాడయ్యాక గర్వం వచ్చిందని కొందరన్నారు. పూర్వం స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారు. ఇప్పుడా పిడిని పళ్ళతో కరిచి పట్టుకుంటున్నారు. అదీ చూశాను, ఏదో వయసు చాదస్తమనుకున్నాను.

ఒకరోజు ఇంజనులో సన్నగా గలగలమని మోత వస్తోందని బండి తెచ్చాను. ఆయన పిడి కరిచిపట్టి, కళ్ళు మూసుకుని, ఏమీ లేదు వెళ్ళండి అన్నారు. ఉయ్యూరు దాటాక ఇంజను లోపలి చైను తెగింది. వెనక చక్రం బిగుసుకుపోయి నేను రోడ్డు మీద పడ్డాను. భుజం ఎముక విరిగింది. రెండు నెలలు ఇంట్లో పడుకున్నాను.

ఆ మధ్యలోనే ఒకరోజు కట్టుతో ఆటో ఎక్కి షెడ్డుకు వెళ్ళాను, కడిగిపారేద్దామని. ఆయన నన్ను కూర్చోబెట్టి, నా పెదాల వంక చూస్తూ, నేను నోరు తెరవక ముందే చెప్పారు.

"ఆ మోత నాకు వినపళ్ళేదండీ. విన్నట్టు నటించాను. రెండేళ్ళ నుంచి చెవులు పోతన్నాయి, పళ్ళకి తగిలే అదురుతో నెట్టుకొస్తన్నాను. నా బతుకంతా చెవితోనే కదండీ. చెవుడని తెలిస్తే ఈ షెడ్డుకి ఎవరొస్తారు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అయినా నా భుజం నొప్పి ఊరుకోనివ్వలేదు. రేపు ఇంకొకడు పడితే ఏం చేస్తారని అడిగాను.  ఇక ఎవరూ పడకుండా చూసే పూచీ తనదని ఆయన అన్నారు. తను బతికున్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని అడిగారు. నేను ఒప్పుకున్నాను.

వారం తిరక్కుండా షెడ్డు బల్ల మీద, తుక్కు బండి నుంచి తీసిన ఇంజను వేగం మీటరు వెలసింది. వచ్చిన ప్రతి బండికీ దాని తీగలు తగిలించి, ఇంజను తడబాటుకు ముల్లు వణుకుతోందేమో కళ్ళప్పగించి చూసేవారు. దాని పక్కన ఒక నోటు పుస్తకం ఉండేది. బండి నంబరు, తిరిగిన కిలోమీటర్లు రాసుకుని, గడువు దాటిందంటే మోత ఉన్నా లేకపోయినా చైను మార్చందే బండి వదిలేవారు కాదు. షెడ్డులో నవ్వులే నవ్వులు. ముళ్ళొద్దన్న మేస్త్రి ముల్లుకే దణ్ణం పెడుతున్నాడన్నారు. బాగున్న సామాను మార్పిస్తున్నాడు, డబ్బు మీద ఆశ పుట్టిందన్నారు. ఆ మాటలు ఆయనకు వినపడకపోయినా ముఖాలు చదవగలరు. ఒక్కనాడూ మారు పలకలేదు. నేను పక్కనే కూర్చుని నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత బరువైన మౌనం మరొకటి లేదు.

మొన్న సమాధుల తోటలో కూడా, చివరికి ఆయనా మీటర్లకు లొంగిపోయాడు పాపం అని ఎవరో ప్రేమగానే అన్నారు. నాకు అక్కడే చెప్పాలనిపించింది, కానీ అప్పుడే ప్రార్థన మొదలైంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన లొంగలేదు. ముప్పై ఏళ్ళు సంపాదించిన పేరును షెడ్డుకొచ్చే మీ అందరి కాళ్ళూ చేతులూ విరగకుండా ఉండడం కోసం ఆ బల్ల మీద పెట్టేశారు. నా తర్వాత ఆ షెడ్డు నుంచి వెళ్ళినవాడెవడూ ఇంజను పట్టేసి పడలేదు.

నా ఇప్పటి బండికి అన్ని ముళ్ళూ ఉన్నాయి. నిన్న కంకిపాడు దగ్గర అందులో కొత్త మోతేదో మొదలైంది. ముళ్ళన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. అలవాటు కొద్దీ పటమటలో షెడ్డు ముందు ఆపాను. తలుపులు మూసి ఉన్నాయి. ఇంజను ఆపకుండా, చెవి దగ్గరగా పెట్టి, మీరు నేర్పినట్టే చాలాసేపు విన్నాను మేస్త్రి గారూ. నా చెవులు బాగానే ఉన్నాయి. ఆ మోత ఏమిటో మాత్రం నాకు తెలియలేదు. ఇంజను ఆపి, మూసిన తలుపులకు నమస్కారం పెట్టి, బండిని ఇంటిదాకా తోసుకుంటూ వెళ్ళాను.