బొట్టు తుడిచిన కత్తులు

దేవరగట్టు బందోబస్తుకు సరిగ్గా నెల ముందు నన్ను ఆదోని, ఆలూరు మధ్యనున్న ఒక గ్రామీణ పోలీసు స్టేషన్‌కు ఎస్సైగా వేశారు. పదిహేనేళ్లు దాటింది. ఆ ఏడు వాన ఆలస్యమై దసరా వచ్చినా పత్తి ఇంకా పగల్లేదు.

దేవరగట్టులో విజయదశమి రాత్రి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ల మధ్య కర్రల సమరం జరుగుతుంది. ఆ నెలంతా చుట్టుపక్కల స్టేషన్లకు ఒకటే పని. పాత తగాదాల వాళ్లను తహసీల్దారు ముందు బైండోవర్ చేయాలి, అంటే గొడవకు దిగబోమని పూచీకత్తు రాయించుకోవాలి. ఇనుప రింగులు తొడిగిన కర్రలు, కత్తులు వెతికి స్వాధీనం చేసుకోవాలి. ఏ రోజు ఎన్ని పట్టామో సాయంత్రం వైర్‌లెస్ సెట్‌లో పై అధికారికి చెప్పాలి. నా స్టేషన్ అందరికంటే వెనకబడింది. సమావేశంలో నన్ను నిలబెట్టి, ఊళ్లు చూడ్డానికి వచ్చారా అని అడిగారు. అందరూ నవ్వారు.

లింగప్ప ఊరు ఆ స్టేషన్ పరిధిలోనే ఉంది. అతను ఆదోని కాలేజీలో నాతో చదివినవాడు, పత్తి యార్డులో ఒక మండీకి గుమస్తా. కత్తులు పోగుచేయడం అతనికి పిచ్చి. అంగట్లో దొరికే కంపెనీ కత్తి ముట్టడు. కమ్మరి కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగదీసిందే కావాలి. ఎమ్మిగనూరు జాతరకు పోతే ఎద్దుల్నీ బండ్లనూ చూడడు, కమ్మర్లు పనిముట్లు పరిచిన చోట కూర్చుంటాడు. లారీ కమాను పట్టీతో చేసిన వేటకత్తి, ఆకుతోటలో తమలపాకులు గిల్లే గోరుకత్తి, గొర్రెల కాపరి కొమ్మలు నరికే కొంకి, చెప్పులు కుట్టేవాళ్లు తోలు కోసే రంపె, ఇట్లా ఒక కొయ్యపెట్టె నిండా ఉండేవి. దేనితోనూ ఉల్లిగడ్డ కూడా కోయలేదు. అతని భార్య గంగమ్మ, ‘ఇంట్లో ఇన్ని కత్తులుండాయి, మిరపకాయ తరగాలంటే పక్కింటికి పోవాల’ అని ఎత్తిపొడిచేది.

అతనికి ఒక పట్టింపు ఉండేది. కత్తిని ఎవరి చేతికీ ఇవ్వడు. నేల మీద పెడతాడు, అవతలివాళ్లు తీసుకోవాలి. చేతికి చేయి ఇస్తే జగడం వస్తుందని మా వైపు చాలామందికి నమ్మకం. అతనికి మరీ ఎక్కువ.

ఏటా మహానవమి రోజు ఆయుధపూజకు ఆ కత్తులన్నీ బయటికి తీసి, కడిగి, తడి పంచె మీద వరసగా పరిచి, పసుపు పూసి బొట్లు పెట్టేవాడు. వీలైన ఏడు నేను పోయేవాణ్ణి.

ఆ నవమి నాడు మా కానిస్టేబుళ్లు ఊళ్లో సోదాలు చేస్తూ తీసి ఉన్న వాకిట్లోంచి ఆ వరస చూశారు. వాళ్లలో ఒకడు సంబరం పట్టలేక సెట్‌లో నాకు చెప్పాడు. సెట్‌లో చెప్పిన మాట అందరికీ వినిపిస్తుంది. నేను జీపెక్కేలోపే పై అధికారి గొంతు వచ్చింది: శభాష్, సాయంత్రానికి ఫోటో పంపండి.

ఎవరి ఇల్లో నాకు అప్పుడే అర్థమైంది. అవి పూజ సామాను సార్, నాకు తెలిసిన మనిషి అని చెప్పడానికి ఒక నిమిషం చాలు. చెప్పలేదు. సమావేశంలో నవ్విన ముఖాలు గుర్తొచ్చాయి.

నేను గడప దాటగానే లింగప్ప నవ్వుతూ లేచాడు.

‘‘రారా సుంకన్నా! సరిగ్గా టైముకొచ్చినావు, గుగ్గిళ్లు ఇప్పుడే దిగినాయి. మీవోళ్లు వాకిట్లో నిలబడి లోపలికి రామంటాండారు. నువ్వన్నా సెప్పు.’’

కత్తులు తీసుకుపోవాలని చెప్పాను. ముందు ఎగతాళి అనుకున్నాడు. తర్వాత నా ముఖం చూసి, ‘‘యాడికి?’’ అన్నాడు. రెండు రోజులు స్టేషన్‌లో ఉంచి పండగ కాగానే ఇస్తానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేను కూడా నమ్మాను.

కానిస్టేబుల్ గోనెసంచి తెరిచి పట్టుకున్నాడు. లింగప్ప ఒక్కొక్క కత్తినీ ఎత్తి నా ముందు నేల మీద పెట్టాడు. నేను వంగి తీసి సంచిలో వేశాను. తొందరపడి ఒకసారి చేయి చాచాను. అతను ఇవ్వలేదు.

‘‘కింద పెడతాండాను కదప్పా, తీసుకో. మనకు జగడం వద్దు.’’

గంగమ్మ మాత్రం, ‘‘పూజలో ఉన్నెవి ఎత్తుకపోయేది యాడన్నా ఉందా అన్నా?’’ అని అడిగి లోపలికి వెళ్లిపోయింది.

స్టేషన్‌కు వచ్చాక లింగప్ప మీద ఆయుధాల చట్టం కింద కేసు కట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకని ఒక ఉపాయం చేశాను. స్వాధీనం చేసుకునేటప్పుడు ఇద్దరు మధ్యవర్తుల ముందు ఏది ఎక్కడ దొరికిందో రాసే కాగితాన్ని పంచనామా అంటాం. అందులో, ఊరి బయట కంపచెట్ల కింద ఎవరివో తెలియని కత్తులు దొరికాయని రాయించాను. పొదలో దొరికిన కత్తులకు బొట్లు ఉండకూడదు కదా. రైటర్, అంటే స్టేషన్ రాతకోతలు చూసే హెడ్‌కానిస్టేబుల్, తడిగుడ్డతో పసుపూ కుంకుమా తుడిపించాడు. తర్వాత బల్ల మీద పరిచి, వెనక నేను నిలబడి ఫోటో దిగాను. మరుసటి రోజు పేపర్లో వచ్చింది. స్నేహితుణ్ణి కేసు నుంచి తప్పించానని ఆ రాత్రి తృప్తిగానే నిద్రపోయాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో కత్తులు కోర్టుకు చేరాక తెలిసింది. యజమాని తెలియని సొత్తు గురించి మేజిస్ట్రేటు ప్రకటన వేయిస్తారు. ఆరు నెలల్లో ఎవరైనా వచ్చి నాదని రుజువు చేసుకోవచ్చు. రాకపోతే ప్రభుత్వపరం. లింగప్ప వచ్చి అవి మా ఇంట్లోంచి తెచ్చారని చెబితే నా పంచనామా అబద్ధమవుతుంది, నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కత్తులు పోతాయి.

గడువులోపలే నేను అతని ఇంటికి వెళ్లాను. ఉన్న సంగతి చెప్పాను. కోర్టుకు రావద్దని నోరు తెరిచి అడిగాను. అతను గోడవారనున్న ఖాళీ కొయ్యపెట్టె వైపు చూశాడు.

‘‘ఆ రంపె చేసిన ముసలాయన సచ్చిపోయినాడురా. ఇంగొకటి చేసేవోడు లేడు.’’ పెట్టె మూత వేసి, ‘‘అడగను లే. పిల్లలుండేవోడివి. పో’’ అన్నాడు.

గడువు ముగిశాక కోర్టు ఉత్తర్వు ప్రకారం వెల్డింగ్ షాపు మనిషిని పిలిపించి, కత్తులన్నీ గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేయించి తుక్కు కింద వేలం వేశారు. దగ్గరుండి చేయించాల్సిన అధికారిని నేనే.

లింగప్ప నాతో మాటలు మానలేదు. కత్తులు కొనడం మానేశాడు. నవమి రోజు వంటింటికని గంగమ్మ కొన్న కత్తిపీట ఒక్కటే తడి పంచె మీద పెట్టేవాడు. ఒక ఏడు నేను ఎమ్మిగనూరు కమ్మరితో మంచి కత్తి చేయించి పట్టుకుపోయాను. అతని పట్టింపు తెలుసు కాబట్టి నేల మీద పెట్టాను. తీశాడు, వేలితో పదును చూశాడు, పిడి దగ్గర అతుకు చూశాడు, బాగుందన్నాడు. మళ్లీ నా ముందే నేల మీద పెట్టాడు.

‘‘నీ దగ్గరే ఉండనీరా సుంకన్నా. నా ఇంట్లో ఉంటే నీకు మళ్లా డ్యూటీ పడతాది.’’

గుగ్గిళ్లు తింటున్న అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయిన శీతాకాలంలో అతను గుండెపోటుతో చనిపోయాడు. ఆ కత్తి మా వంటింట్లో ఉంది. మా ఆవిడ దానితో కొబ్బరికాయలు పగలగొడుతుంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. దొరికిన చోటే దొరికినట్టు రాయమని చెబుతాను, అవతల ఉన్నది మన మనిషైనా సరే. నేను లింగప్ప మీద నిజంగా కేసు కట్టి ఉంటే అతను నాలుగు వాయిదాలు తిరిగేవాడు, అవి పూజలో పెట్టిన పనిముట్లని వకీలు చెప్పేవాడు, కేసు కొట్టేసేవారు, కత్తులు ఇంటికి చేరేవి. పూజ సామాను మీద కేసు కట్టిన తెలివిలేని ఎస్సై అని నాకు మాట వచ్చేది. పంచనామాలో నేను తప్పించింది అతని కేసును కాదు, ఆ మాటను.