శోర్వల కలిపిన పులుపు

నెత్తి మీద పాలకుండ పెట్టుకొని పెరిగినదాన్ని. బరువంటే నాకు మస్తు ఎరుక. కుండ దించితే మెడ తేలికైతది, కాసేపటికి మోసిన సంగతే మరిచిపోతం. నేనిప్పుడు చెప్పబోయేది దించలేకపోయిన బరువు. పడుచుతనం సంది మోస్తున్న. పండ్లు ఊడినయి, కండ్లు మసకేసినయి, అది మాత్రం ఎట్లున్నది అట్లనే ఉన్నది.

మీరెవరో నాకు తెల్వదు. అదే మంచిది. తెలిసినోళ్ళయితే చెప్పకపోదును. అక్షరాలు నాకు ముసలితనంల వచ్చినయి, ఒత్తులు యాడ పడాల్నో ఆడ పడవు. సర్దుకోండ్రి.

నేనొక మనిషి నాలుకను చంపిన. కోసిన అంటలేను. చంపిన. ఎట్లనో చెప్త.

మా ఇల్లు పట్నంల, జహనుమా బస్తీల. బర్ల కొట్టం మాది. నాకు పెండ్లయిన ఏడాదికే పెనిమిటి జరమొచ్చి పోయిండు, బాపు నన్ను ఇంటికి తెచ్చుకున్నడు. జర్మనీ లడాయి ఇంకా రాని దినాలు. శాలిబండ దిక్కు ఒక రాజాసాబు దేవిడి ఉండె. ఇల్లంటే ఇల్లు గాదు, ఒక వాడకట్టంత ఇల్లు. ఆడికి పాలు, వెన్న నేనే పోసేదాన్ని. నేను వెన్న తీసే తీరు చూసి వంటింటి పెద్ద, బవర్చీ సాబ్ అనేటోళ్ళం, నన్ను లోపలి పనికి పెట్టుకున్నడు. శోర్వను మల్లుగుడ్డల వడగట్టుడు, మేజా మీదికి పోయేదాక వేడి దిగకుంట చూసుకునుడు నా పని. అంటే, గిన్నెను కడాఖరికి ముట్టే చెయ్యి నాది.

రాజాసాబుకు ఇంగ్లీషోళ్ళ తీరు దావతులంటే పానం. పొడుగు మేజా, తెల్లగుడ్డ, ఒక్కొక్కలకు నాలుగైదు చెమ్చాలు. అన్నిటికంటే ముందు శోర్వ. వాళ్ళు సూప్ అనేటోళ్ళు. ఏ శోర్వకు ఆ శరాబు. అది తప్పితే దొరలు మొఖం మాడ్చుకుంటరు.

ఆ శరాబు పోసేటాయన మల్లేశం. గౌండ్లోళ్ళాయన. తాతల కాలం సంది తాళ్ళెక్కే ఇల్లు. కల్లు వాసన చూసి ఏ చెట్టుదో, పొద్దటిదో మాపటిదో చెప్పేటోడంట. రాజాసాబు ఒకసారి శికారుకు పోయినప్పుడు ఇది చూసి నవ్వుకొని, దేవిడికి తెచ్చి సీసాల అర్ర తాళంచెవి చేతుల పెట్టిండు. సీసా మీద ఏం రాసి ఉన్నదో ఆయనకు తెల్వదు. రంగు చూస్తడు, వాసన చూస్తడు, ఒక బొట్టు నాలుక మీద ఏసుకొని ఉమ్మేస్తడు. ఆ నాలుకే ఆయన చదువు.

దావతు దినం దీపాలు పెట్టే యాళ్ళకు వంటింటికొచ్చి శోర్వ రుచి చూసేటోడు. చూడకుంట సీసా మూత తీసేటోడు గాదు. అది ఆయన పెట్టుకున్న రివాజు. గంటెతోని నేనే ఇయ్యాలె. అందరు మల్లేశన్నా అనేటోళ్ళు. నేను ఎన్నడు అన్నా అనలే. 'ఇగో, చూడు' అని గంటె చాపేదాన్ని. ఆయన నన్ను పాలోళ్ళ పిల్లా అనేటోడు. చెయ్యి చేతికి తాకింది లేదు. గంటె కాడ మీద ఆయన వేళ్ళు, నా వేళ్ళు పక్కపక్కన ఉండేయి. ఊది, తాగి, కండ్లు మూసుకునేటోడు. ఆ కండ్లు తెరిచేదాక నేను ఊపిరి బిగపట్టుకొని నిలబడేదాన్ని. నా పడుచుతనమంతా కలిపితే గా కొన్ని గడియలే. మిగిలిందంతా పేడ తీసుడు, పాలు పిండుడు.

నిలబడ్డప్పుడు చెప్పేటోడు. బాదం శోర్వకు కొంచెం తీపున్న తెల్ల శరాబు పొయ్యాలె. మేక కాళ్ళ శోర్వ పెదవులకు అంటుకుంటది గదా, దానికి నోరు వగరయ్యే ఎర్రది, జిగట కడిగేస్తది. చేపలదైతే మంచుల పెట్టిన పల్చటిది. మిరియాల శోర్వ అని ఒకటి దొరలు ఎగబడి తాగేటోళ్ళు. ఏం లేదు, మన చారే. అండ్ల మాంసమేసి పళ్ళెంల పోసుకుంటరు. దానికేం పోస్తవని అడిగితే నవ్వి, నీళ్ళు అన్నడు. కారం, పులుపు రెండు ఒక్క ఇంట్ల కాపురముంటే ఆ ఇంటికి చుట్టమెవడొస్తడు పిల్లా అన్నడు.

అన్నిట్ల కష్టమైంది తేట శోర్వ. యాటమాంసం పొద్దంత మరిగించి, గుడ్డు తెల్లసొనతోని మురికి తీసి, మీదికెళ్ళి చూస్తే గిన్నె అడుగు కనబడాలె. దానికి షెర్రీ అనే పాత శరాబు. పల్చటి బెల్లంపాకం రంగు, వేయించిన అక్రోట్ల వాసన. ఈ రెండు మొగడు పెండ్లాల లెక్క అనేటోడు. 'గని ఇండ్ల పులుపు రవ్వంత పడ్డదా, షెర్రీ సచ్చిందే. శోర్వకేం గాదు, ఇంకా రుచే అనిపిస్తది. తప్పంత శరాబు మీదికి పోతది' అన్నడు.

గా మర్మం నాకెందుకు చెప్పిండు? ఇంకెవరికి చెప్పుకుంటడు. వినేటిదాన్ని నేనొక్కదాన్నే ఉంటి.

ఆ యేడు బొంబాయిల పెద్ద హోటల్ నడిపే దొర ఒకడు రాజాసాబుకు మెహమానుగ వచ్చిండు. మొదటి దావతుల మల్లేశం పోసింది తాగి, శోర్వ తాగి, మల్ల ఆ శరాబే తాగి, పోసినోడెవడని అడిగిండంట. ఇంకొక్క దావతు చూస్త, ఇట్లనే ఉంటే నాతోని తీస్కపోత అన్నడంట. రాజాసాబు మీసం దువ్విండంట, నా ఇంటి మనిషి బొంబాయిల పోస్తడని.

మల్లేశం వంటింటికి ఉరికొచ్చి చెప్పిండు. అంత ఖుషీగ ఆయన్ను నేనెన్నడు చూడలే. ఆడ సీసాల అర్రలు నేల కింద ఉంటయంట, దేశదేశాల శరాబు వస్తదంట. పోయి కుదురుకున్నంక కబురు పంపుత అన్నడు.

ఆ మాట నా దిక్కు చూసి అన్నడా, పొయ్యి దిక్కు చూసి అన్నడా? ఇన్నేండ్లు ఇదే అడుక్కుంటున్న. నాకు పంపుత అన్నడా, అందరికా? మా కులంల మారుమనువు తప్పు గాదు. ఆయన కులం వేరు గని, బొంబాయిల అడిగేటోడెవడు? ఇవన్ని ఇప్పుడు తోస్తున్నయి. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. మా చిన్నమ్మ మొగడు బొంబాయి మిల్లుకు పోయిండు. మల్ల రాలే, కబురు పంపలే. బొంబాయి పోయినోడు పోయినట్టే.

ఉండమని అడగొచ్చు గదా. అడగలే. ఏ హక్కుతోని అడుగుత?

రెండో దావతుకు తేట శోర్వ. మల్లేశం వచ్చిండు, గంటె ఇచ్చిన, చూసిండు, కండ్లు తెరిచి, ఇయ్యాల ఎన్నటికంటే మంచిగున్నది పిల్లా అన్నడు. షెర్రీ తియ్యనీకి పోయిండు. బవర్చీ సాబ్ కోళ్ళు కాల్చే కాడ ఉన్నడు. పప్పుల పొయ్యనీకి నానేసిన చింతపండు గురిగిల ఉండె. మీద తేరిన తేట మాత్రమే వంచి, గుడ్డల వడగట్టి, శోర్వల పోసిన. రంగు మారలే. శోర్వ గోధుమరంగుదే గదా. కలిపి, మూత పెట్టి, వేడి దిగకుంట చూసుకున్న. నా పని నేను మంచిగ చేసిన.

ఒక్క బొట్టు గూడ కింద పడలే. అదే నాకు ఇప్పటికి భయం.

లోపల ఏం జరిగిందో వడ్డించేటోళ్ళు వచ్చి చెప్పిన్రు. దొర ఒక్క గుక్క తాగి గ్లాసు అవతలికి నూకిండంట. నీళ్ళు కలిపిన్రా అన్నడంట. గౌండ్లోడికి కల్లు తెలుస్తది గని షెర్రీ ఏం తెలుస్తదని ఎవరో అంటే మేజా మేజా నవ్విందంట. రాజాసాబు తలెత్తలేదంట. మల్లేశం సీసా పట్టుకొని గోడకు నిలబడ్డడంట. శోర్వ మాత్రం అందరు రెండోసారి అడిగి పోయించుకున్నరు. బవర్చీ సాబ్ గిన్నె అడుగున వేలు పెట్టి నాకి నా దిక్కు చూసిండు. ఏమనలే. మెప్పు ఆయనకే వచ్చింది గదా. లోపల్నుంచి శోర్వ చేసినోళ్ళకని ఇనాం వచ్చింది. నాకొక చీర. ఆకుపచ్చది. ఆ గిన్నె తోముడు నా పని గాదు, అయినా ఆ దినం నేనే తోమిన.

తెల్లారి మల్లేశం వచ్చిండు. వంటింట్ల ఇంకెవ్వరు లేరు. నేను మల్లుగుడ్డ ఉతుకుతున్న. ఆయన గడప అవతలే నిలబడ్డడు.

'పాలోళ్ళ పిల్లా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పాలె. నేను చూసి పోయినంక ఆ శోర్వ ఏమన్న మారిందా?'

'ఏం మారుతది? నువ్వు చూసిందే పోయింది.'

'ఉప్పు గిట్ల ఎవరన్న...'

'గిన్నె కాడికెళ్ళి నేను కదల్లే.'

'నువ్వు చెప్తున్నవంటే మారలే.' దర్వాజకు ఆనుకున్నడు. 'అయితే నా నాలుకే. షెర్రీ మంచిగనే ఉండె అనుకున్న. ఇప్పటికి మంచిగనే అనిపిస్తున్నది. అంటే నాకు తెలుస్తలేదన్నట్టు.'

అని నవ్విండు. ఆ నవ్వు గురించి రాద్దామంటే చాతనైతలేదు.

ఒక్క మాట చాలు అప్పుడు. ఎందుకు చెప్పలే? రాజాసాబు కొడ్తడనా? బాపు పరువు పోతదనా? గివన్ని తర్వాత నేను కుట్టుకున్న బొంతలు. నిజం ఏందంటే, ఆయన ఆడ గడప కాడ ఉన్నడు. బొంబాయిల లేడు. నా మనసు లోపల్లోపల ఖుషీ అయింది. ఆయన అట్ల కూలిపోయి నిలబడ్డా, నా కండ్ల ముందే నిలబడ్డడు గదా అనుకున్న. గింత పాడు ప్రేమ ఉంటదా? ఉంటది. నాకున్నది.

దొర బొంబాయి పోయిండు. రాజాసాబు మల్లేశాన్ని వెళ్ళగొట్టలే. మల్ల దావతు వచ్చింది. నేను గంటె పట్టుకొని ఎదురుచూసిన. మల్లేశం వచ్చి, తాగి, కండ్లు మూసుకోలే. నా మొఖం చూసి, 'నీకెట్లున్నది? ఏది పొయ్యాలె?' అని నన్నడిగిండు. ఆయన నన్ను. నేను నేల చూసిన. ఆ తర్వాత ఒకనాడు తాళంచెవి రాజాసాబు ముంగట పెట్టి, నాకు రుచి తెలుస్తలేదు హుజూర్ అని చెప్పి పోయిండు. నాకు చెప్పలే. కబురు పంపుత అని గూడ అనలే.

అప్పటి సంది ఆ ఆకుపచ్చ చీర నేను కట్టలే. అది మా చిన్నమ్మకిచ్చిన. ఆమె సంబురపడ్డది.

లడాయి నడుమ, జొన్నలు గూడ దొరకని దినాలల్ల, ఒకసారి చూసిన. అప్పటికి బాపు నాకు మారుమనువు చేసిండు, సైదాబాద్ ఆయనకు ఇచ్చిండు. ఆయన మంచోడు. పాలు పోసి వస్తుంటే కల్లు దుకాణం ముంగట మల్లేశం కూసోని ఉన్నడు. జుట్టు తెల్లబడ్డది. ముంత చేతికిచ్చిన్రు. వాసన చూస్తడని నిలబడ్డ. చూడలే. నోరు తెరిచి, నీళ్ళు పోసుకున్నట్టు పోసుకున్నడు. పుల్లటి కల్లో, తియ్యటి కల్లో, ఏదైతే ఏంది అన్నట్టు. నేను దాటొచ్చిన. పిలవలే. అప్పుడన్న చెప్పొచ్చు గదా? కడుపుతోని ఉంటి, నెత్తి మీద కుండ ఉండె, ఎండ ఉండె. అన్ని సాకులే.

మల్ల ఎన్నడు కనబడలే. షోలాపూర్ దిక్కు పోయిండన్నరు ఎవరో.

ఇయ్యాలటికి గూడ మాంసం మరిగిన వాసన వస్తే నా ఊపిరి బిగుసుకుంటది, ఎవరో కండ్లు తెరవాల్సి ఉన్నట్టు. పెనిమిటిని బాగనే చూసుకున్న, పిల్లలను సాదిన, ఎవరికి ఏ కమీ చెయ్యలే. ఆ గడియల కోసం మాత్రం ఇప్పటికి ఆకలైతది. తప్పు చేసిన ఇంట్లకే మనసు ఎందుకు పోతది?

మాఫీ కోసం రాయలే. మాఫీ చేసేటోడు ఒక్కడే, ఉన్నడో లేడో తెల్వదు. మల్ల ఆ దినమొస్తే గట్ల చెయ్యవు గదా అని మీరడిగితే, చెయ్యనని ఒట్టు పెట్టలేను. బొంబాయి అంటే నాకు ఇప్పటికి భయమే. గని, తెల్లారి గడప కాడ ఆయన అడిగినప్పుడు? అక్కడ మాత్రం నిజం చెప్తును. చింతపండు నీళ్ళకంటె ఆ అబద్ధమే ఎక్కువ చంపింది.

ఆయనకు చెప్పాల్సింది మీకు చెప్తున్న, వినండ్రి. మల్లేశం, నీ నాలుక తప్పలే. షెర్రీ మంచిదే. శోర్వ మార్చింది నేను.

గింతే మాట. నోట్లకెళ్ళి తియ్యనీకి గిన్నేండ్లు పట్టింది.