కంటిలో పొక్కు, కడుపుకి మందు

ఆ రోజుల్లో చదువుకున్నవాడికి జబ్బు చేసినా కాస్త గౌరవమైన జబ్బే చేయాలని నా నమ్మకం. నాకప్పుడు ఇరవై ఏళ్లు, అరకు కొండల్లో మిషన్ బడికి కొత్త పంతుల్ని. చేతులు కడుక్కోవడం గురించి పిల్లలకి రోజూ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి (నేను కడుక్కునేవాణ్ణా అని ఎవరూ అడగలేదు). కొండవాలంతా పసుపుపచ్చగా వలిసెలు పూసే కాలంలో నా ఎడమకన్ను ఎర్రబడి, నల్లగుడ్డు అంచున ఆవగింజంత తెల్లటి పొక్కు లేచింది. వెలుగు తగిలితే సూదులు గుచ్చినట్టుండేది. బడిలో కూడా గొడుగు వేసుకునే లెక్కలు చెప్పాను. చూపు పోతే ఈ ఉద్యోగమూ పోతుందని లోలోపల ఒకటే దిగులు.

కొండ దిగి ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారు కన్ను చూశారు, దగ్గుందా అని అడిగారు, ఆ తర్వాత కడుపు నొక్కడం మొదలుపెట్టారు. "కంటి తప్పేం లేదయ్యా. నీ కడుపులో ఏలికపాములున్నట్టున్నాయి. వాటి విషం నీ ఒంటికి పడటం లేదు. ఆ కోపమంతా కన్ను చూపిస్తోంది" అన్నారు. కంటికి మలాం, కడుపుకి ఒక పొడి, దాని మీదికి ఆముదం ఇచ్చారు. ఇంకా ఏదో చెప్పారు గాని, పంతులికి పాములేమిటన్న అవమానంలో నాకేమీ వినపడలేదు. మర్నాడు పొద్దున్నే పొడి మింగాను. ఆముదం సీసా మాత్రం ట్రంకుపెట్టె వెనక్కి తోశాను.

మధ్యాహ్నానికి లోకం పచ్చబడింది. మొదట వలిసె పూలేగదా అనుకున్నాను. తర్వాత సుద్దముక్క, నా పంచె, ఊరిపెద్ద తెల్లమీసం కూడా పచ్చగా కనిపించేసరికి చూపు పోతోందని తేల్చుకున్నాను. పిల్లల్ని దగ్గరికి పిలిచి, బుద్ధిగా చదువుకోమని గద్గదంగా చెప్పి, గొడుగూ కంచుగ్లాసూ పంచిపెట్టేశాను. కొందరు ఏడ్చారు. గ్లాసు దొరికినవాడు మాత్రం ఏడవలేదు.

నాకు వండిపెట్టే కొండముసలమ్మ ఆ గొడవ విని వచ్చింది. "ఏటి మింగినావు బాబూ?" అని అడిగింది. పొడి సంగతి చెప్పాను. "అదా? మా మనవడికీ అదే ఇచ్చినారు. రెండ్రోజులు గంజి కూడా పచ్చగానే అగుపించిందన్నాడు. ఆముదం ఏదీ? బేగి తాగు" అని దగ్గర కూర్చుని మరీ తాగించింది. తర్వాత జరిగింది రాయను. డాక్టరుగారి మాట నిజమని మాత్రం ఒప్పుకుంటాను. రెండోనాటికి తెలుపు తెలుపైంది, పక్షం దాటేసరికి పొక్కు ఆరిపోయింది.

ఇప్పుడు డాక్టర్లు ఏ జబ్బు పేరు చెప్పినా తలూపి ఇంటికొచ్చి భోంచేస్తున్నాను. ఒక్క పూట చూపు తేడా చేసిందని లోకమంతటికీ వీడ్కోలు చెప్పిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత ప్రేమ వాడికి, కనిపించే ప్రతిదాని మీదా!