అయిదో ముక్క

రామలింగయ్యది కొనకనమిట్ల వైపు పల్లె. వానను నమ్ముకున్న కందిచేను మూడేళ్లు వరసగా ఎండిపోతే, ఇరవై రెండో ఏట మార్కాపురం వచ్చి పలకల గనిలో సుత్తి పట్టాడు. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాడు, మేస్త్రీ అయ్యాడు. పొద్దున్నే గుంటలోకి జనం దిగాలా వద్దా అన్నది ఆయన చెప్పాల్సిందే.

ఊరికే చెప్పడు. ముందు తానొక్కడే దిగి అయిదు సంగతులు చూస్తాడు. రాత్రి వాన తడి ఉందా? అడుగున ఊట పెరిగిందా? దిగే బాట గట్టిగా ఉందా? పైఅంచు బీటకు అడ్డంగా నిన్న బలపంతో గీసిన గీత తెగిందా, అంటే బీట పెరిగిందా? చివరగా, సుత్తితో కొడితే గోడ ఎట్లా మోగుతుంది? ఒక్కోదానికి ఒక పలక ముక్క. బాగుంటే కుడిపక్క, లేకుంటే ఎడమపక్క. ఎటు ఎక్కువైతే అటు. చదువు రానివాళ్లకూ తెలియాలని ఆయనే పెట్టిన పద్ధతి. పద్దెనిమిదేళ్లుగా జనం ఆయన ముఖం కూడా చూడరు, ముక్కలు చూసి దిగుతారు.

ఆ పొద్దున నాలుగు ముక్కలు కుడికి పోయాయి. తడి లేదు, ఊట లేదు, బాట బాగుంది, గీత తెగలేదు. పడమటి గోడ దగ్గరికి పోయి కొట్టాడు. ఖంగుమనాల్సిన రాయి దబ్బుమంది. రెండడుగులు జరిగి కొడితే ఖంగుమంది. వెనక్కి వచ్చి కొట్టాడు. మళ్లీ దబ్బుమంది. వెనక ఎక్కడో పొర విడిపోయింది.

పైకొచ్చి అయిదో ముక్క ఎడమపక్క పెట్టి, "పడమటి గోడ దబ్బుమంటోంది. ఈ పొద్దు వద్దు" అన్నాడు.

టౌనులో దుకాణాలున్న ఇంటి పిల్లవాడు శరత్‌చంద్ర, గని యజమాని. వంగి చూశాడు. "ఏంది పెద్దాయనా, నాలుగు ఇటుంటే వద్దంటావేంది? నువ్వు పెట్టిన లెక్కే కదా!"

"లెక్క నాదే సారూ. ముక్కలన్నీ ఒక్క సైజువి. అక్కడే పొరపాటు జరిగింది. ఆ నాలుగిట్లో ఏది చెడినా కంటికి కనపడతాది, తప్పుకోవచ్చు. ఇదొక్కటి తప్పయితే మనుషులు పోతారు."

"ఇన్నేళ్లూ ఈ మాట చెప్పలేదే మామా!" కూలీల్లోంచి ఎజ్రా నవ్వాడు. "వయసైనాక చెవులు కూడా దబ్బుమంటాయిలే."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పోలేరమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని బాట పట్టింది. వెనకే మిగతావాళ్లు. మొత్తం పదకొండు మంది. రామలింగయ్య రెండుసార్లు అరిచాడు. ఎవరూ ఆగలేదు. వాళ్లు తన మాట కాదనడం లేదు. తాను నేర్పిందే చేస్తున్నారు.

వాళ్ల వెనకే దిగాడు. తిన్నగా పడమటి గోడ దగ్గరికి పోయి, దబ్బుమన్నచోట వీపు ఆనించి కూర్చున్నాడు.

"గునపం వేసేదుంటే నన్ను లేపి వెయ్యండిరా!"

"లెయ్యి అన్నా, ఏందీ పంతం?" అంది పోలేరమ్మ.

"లెయ్యను. మీరు పైకి పోతేనే."

ఎజ్రా గునపం అక్కడే పడేశాడు. "పదండ్రా, ఈయన కదిలేటట్టు లేడు. ఈ పొద్దు కూలి మామ ఇస్తాడులే!" సణుక్కుంటూ ఒక్కొక్కరే బాట ఎక్కసాగారు. ఇరుకు బాట అది. ఒకరి వెనక ఒకరు తప్ప ఇద్దరు పట్టరు.

నలుగురు ఎక్కారు. రామలింగయ్య భుజం మీది తుండుగుడ్డపై సన్నటి రాతిపొడి రాలింది. దులపలేదు. వీపు వెనక బండ, పిల్లలు పలక మీద బలపం ఈడ్చినట్టు, సన్నగా కీచుమంది. అరిచినా, తాను లేచి పరిగెత్తినా, బెదిరి ఆ బాటలో ఒకరినొకరు తోసుకుంటారు.

"నిదానంగా పోండమ్మా, తొందరేం లేదు" అన్నాడు నవ్వు తెచ్చుకుని.

అయిదు. ఆరు. తుండుగుడ్డ మీద ఈసారి గోరంత పెచ్చు పడింది. పోలేరమ్మ బాట మధ్యలో ఆగి, జారిన తట్ట సర్దుకుంటోంది. ఆమె వెనక ఇంకా నలుగురున్నారు.

రామలింగయ్య వీపు తీయకుండా, ఆమె పాదాలకేసి చూస్తూ కూర్చున్నాడు.