పర్దా అవతల రాజకుమారి

అమ్మ దినాలైనంక నాలుగొద్దులకు మా సంగారెడ్డి డేరా టాకీసుల బొమ్మల సినిమా వచ్చింది. నిజాం దొరతనం పోయి నాలుగైదేండ్లయితున్నది అప్పటికి. బండి మీద డప్పు కొట్టుకుంట ఒకాయన గల్లీ గల్లీ తిరిగి ఒర్లిండు: "రాజకుమారి పండుకున్నది! లేస్తదా, లెవ్వదా? డేరాల సూడుండ్రి!"

ఇంట్ల పెద్దోళ్లు మాకు చెప్పింది గూడ గంతే. అమ్మ పండుకున్నది, లేస్తది. నాకు పదేండ్లు, నమ్మలే. ఏడుపూ రాలే. లోపల అంత మొద్దువారినట్టుండె. చెల్లెకు నాలుగేండ్లు, అది నమ్మింది. అమ్మ బొంత ఇడిచి లేస్తలేకుండె. డప్పాయన మాట ఇని, "అక్కా, ఆమె లేస్తే అమ్మ గూడ లేస్తది. సూసొచ్చి చెప్పు" అన్నది. జరమొచ్చి అది రాలేకపోయింది.

పక్కింట్ల గాజులు అమ్మేటామె, ఖాలా అని పిలుస్తుంటిమి, నన్ను మొదటి ఆటకు తోల్కపోయింది. ఆమెకు బురఖా, అందుకని ఆడోళ్ల దిక్కు, జనానాల కూసున్నం. ఆడోళ్ల ముందట నల్ల పర్దా ఉంటది. లైట్లు బందయితే తీస్తరు, రీలు అయిపోయి మల్ల లైట్లు రాకముందే ఏస్తరు, మగోళ్ల కండ్లు పడొద్దని. తాడు పట్టుకునే ముసలమ్మకు కథతోని పనిలేదు. రీలు అయిపోవస్తున్నదనంగనే జర్రున గుంజేది. ఇప్పటికీ యాదొస్తే ఆమె మీద నా కోపం సల్లారదు.

అయినా ఏం బొమ్మలు! ఎవలో చేత్తోని గీసినయి నడుస్తున్నయి, నవ్వుతున్నయి. ఇంగ్లీషు ముక్క తెల్వకున్నా డేరా అంత కిక్కురుమనలే. పువ్వుల మంచం మీద పండుకున్న రాజకుమారి ఛాతీ మెల్లగ లేస్తున్నది, దిగుతున్నది. బొమ్మకు ఊపిరి గూడ గీసిండ్రు. అమ్మను చాప మీద పండవెట్టిన నాడు నేను శానసేపు గదే సూసిన. ఏం కదల్లే.

రాజకుమారుడు గుర్రం దిగిండు. మంచం మీదికి వంగిండు. ముసలమ్మ పర్దా గుంజింది.

"నీ చేతులిరుగ!" అని లేసి ఒర్లిన. అవతల మగోళ్లు ఈలలేస్తున్నరు. వాళ్లు ఏ ఆటకైనా గట్లనే ఏస్తరు, దాన్ని బట్టి ఆమె లేసిందో లేదో తెల్వదు.

ఆట ఇడిచినంక తొవ్వల అడిగిన. "ఖాలా, ఆమె లేసిందా?"

"లేసింది బేటీ."

"నువ్వు సూసినవా?"

ఖాలా నిలవడ్డది. నఖాబు ఎత్తి నా మొకం సూసింది. "లేదు బిడ్డా. నేను గూడ సూడలే."

"మరి మా అమ్మ?"

"మీ అమ్మ ఇగ లెవ్వదు బేటీ."

ఇన్ని దినాలల్ల పెద్దోళ్లు నాకు చెప్పిన మొదటి నిజం గది. ఆమె చెయ్యి గట్టిగ పట్టుకొని నడిచిన. అప్పుడు గూడ ఏడుపు రాలే.

ఇంట్ల చెల్లె మేలుకొనే ఉన్నది. జరానికి మొకం ఎర్రగైంది. అమ్మ బొంత మీదికెల్లి లేసి, "లేసిందా అక్కా?" అన్నది.

నిజమే చెప్దామనుకుంట వచ్చిన.

"లేసింది" అన్న. ఏ మాటకు పెద్దోళ్లను తిట్టుకున్ననో, గదే మాట నా నోట్లకెల్లి వచ్చింది.

చెల్లె నవ్వింది. బొంతల ఒక పక్కకు జరిగి, అమ్మకని జాగ ఇడిచిపెట్టి పండుకున్నది. నేను ఆ జాగల పండుకోలే, ఉత్త నేల మీదనే ఒరిగిన.