ఉప్పు తక్కువైన రహస్యం

2024 వేసవి. మదనపల్లె బస్టాండు దగ్గర, నాలుగు మండలాలకు వినిపించేంత మోత పెట్టే ఫ్యాను కింద నా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పుంగనూరు పొట్టి ఆవులు పెంచేవాళ్ల సంఘం తమ అమ్మకాలను నేను చూసుకునే బ్లాక్‌చెయిన్‌లో రాసుకునేది. అంటే సభ్యులందరి దగ్గరా ఒకే నకలు, ఎవరూ దిద్దలేని రాత.

చిక్కంతా ధర దగ్గరే. మా సంతల్లో బేరం టవలు కింద వేళ్లు నొక్కి ఆడతారు. పక్కవాడికి కనిపించేది టవలే. అందుకని సంఘం ధరను ‘హాష్’ చేయించింది. ఇదొక పిండిమర లాంటిది. పిండి చూసి గింజ చెప్పలేం. కానీ అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ విడివిడిగా ఒకే ధర వేస్తే ఒకే పిండి వస్తుంది. రెండూ కలిస్తే, ధర చూడకుండానే సంఘం ముద్ర వేస్తుంది.

ఒకరోజు సంఘం సభ్యురాలు రెడ్డెమ్మ వచ్చింది. ఆమె దూడ నా మోకాలంత, దాని పొగరు హార్సిలీ కొండంత. కుప్పం గ్రానైట్ వ్యాపారి మునెప్ప దాన్ని కొంటేనే ఆమె కూతురు నర్సింగులో చేరేది.

“పక్కింటోళ్ల ఆవు ధర ఊరంతా తెలిసిపాయ. మునెప్ప యెనక్కి పోతాండాడప్పా.”

ఆయనకు ఫోన్ చేశాను. “నాకు తొమ్మిది మంది తమ్ముళ్లుండారు సామీ. దూడకింత పెట్టినానని తెలిస్తే తలా ఒక స్కూటరు అడగతారు. గుట్టు నిలిస్తేనే బేరం.”

గుట్టు ఎలా పోయిందో చూశాను. సంతలో పలికే ధరలు కొన్నే. ఎవడో తీరికగా వాటన్నిటినీ మరాడించి, ఏది ఆ ఆవు పిండితో కలుస్తుందో పోల్చుకున్నాడు.

“దీంట్లో ఉప్పు వేయలేదమ్మా,” అన్నాను. మా కంప్యూటర్ భాషలో ‘సాల్ట్’ అంటే అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మాత్రమే తెలిసిన ఒక మాట. ధరతో కలిపి ఆడిస్తే బయటివాడి ఊహలు సాగవు.

మర్నాడు రెడ్డెమ్మ గుప్పెడు రాళ్ల ఉప్పు తెచ్చి, నేను నోరు తెరిచేలోగా ల్యాప్‌టాప్‌కు దిష్టి తీసింది. దేశంలో ఆ గౌరవం దక్కిన కంప్యూటర్ అదొక్కటే అయ్యుండాలి.

“ఇది ఆ ఉప్పు కాదమ్మా.”

“ఏ ఉప్పయితే ఏమప్పా? ఊరి కండ్లు పడకుండా ఉండేదానికే గదా?”

నేను చదివిన ఏ పుస్తకమూ అంత పొట్టిగా చెప్పలేదు. ఆమె, మునెప్ప ఒక రహస్యపు మాట అనుకుని, ఎవరి ఫోన్లో వాళ్లు దాన్ని ధరతో పాటు కొట్టారు. పిండి కలిసింది. ముద్ర పడింది. దూడ కుప్పం వెళ్లింది, కూతురు కాలేజీకి వెళ్లింది.

తర్వాత ఉండబట్టలేక అడిగాను, “ఎంతకిచ్చావమ్మా?”

“టవలు ఎత్తమంటాండావా?” అంది.

ఆ ధర నాకు ఈనాటికీ తెలియదు. నా పని సరిగ్గా చేశాననడానికి నా దగ్గరున్న రుజువు అదే.